రోళ్లు పగిలే ఎండల్లో మంచు పతకం: భారత మహిళల ఐస్ హాకీ కాంస్యం వెనుక కథ

బిలాస్‌పూర్: ఛత్తీస్‌గఢ్‌లో ఆ రోజులను నౌతపా అంటారు. మే 25 ప్రాంతంలో సూర్యుడు రోహిణీ నక్షత్రంలో ప్రవేశించింది మొదలు తొమ్మిది రోజుల పాటు సాగే మంట అది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు అదే రోహిణి కార్తె, రోళ్లు పగిలే కాలం. 2025లో సరిగ్గా ఆ కార్తెలోనే, ఎడారి నడుమ ఉన్న అల్ ఐన్ నగరంలో, భారత మహిళల ఐస్ హాకీ జట్టు ఆసియా కప్‌లో కాంస్య పతకం సాధించింది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ఆతిథ్యమిచ్చిన ఆ టోర్నీ మే నెలాఖరున మొదలై జూన్ తొలి వారంలో ముగిసింది. ఈ స్థాయి పోటీలో మన మహిళల జట్టుకు అదే తొలి పతకం.

వార్త చిన్నదిగానే వచ్చి వెళ్లిపోయింది. క్రికెట్ కాలంలో ఐస్ హాకీ కాంస్యానికి అంతకుమించిన చోటు దొరకడం కష్టం. అయితే ఆ పతకం వెనుక ఆలోచించదగిన చిక్కుముడి ఒకటి ఉంది. హిమాలయాలు మన దేశానివి. మంచు మనది. ఆట నేర్చుకున్న అమ్మాయిల్లో అత్యధికులు లద్దాఖ్ చెరువుల మీద గడ్డకట్టిన నీటిపై ఆడినవారు. కానీ పోటీ జరిగింది ఎడారిలో, ప్రత్యర్థుల్లో కొందరు జీవితంలో ఒక్కసారైనా హిమపాతం చూడని దేశాలవారు. ఇన్నేళ్లుగా ఆ దేశాలే మనకంటే ముందున్నాయి. కారణం వాతావరణంలో లేదు. గచ్చు కింద వేసిన గొట్టాల్లో ఉంది.

మంచు ఎక్కడ తయారవుతుంది

ఐస్ హాకీ రింక్ అంటే పెద్ద కాంక్రీటు గచ్చు. దాని లోపల కిలోమీటర్ల పొడవున సన్నని గొట్టాలు పరచి ఉంటాయి. ఆ గొట్టాల్లో గడ్డకట్టని శీతల ద్రవాన్ని నిరంతరం తిప్పుతారు. గచ్చు ఉష్ణోగ్రత సున్నా కంటే బాగా కిందికి దిగాక పైన పలుచగా నీటిని చల్లుతారు. అది గడ్డకట్టాక మరో పొర, ఆపై మరో పొర. ఇలా పేరుకున్న మంచు మొత్తం మందం మూడు, నాలుగు సెంటీమీటర్లకు మించదు. ఆట విరామాల్లో ప్రత్యేక యంత్రం ఒకటి వచ్చి గీతలు పడిన పై పొరను గీకి, దానిపై వేడినీటిని పరచి వెళ్తుంది. చన్నీటి కంటే వేడినీరు గీతల్లోకి బాగా దిగి నున్నగా గడ్డకడుతుంది.

బయట 45 డిగ్రీలు ఉన్నా, లోపల కంప్రెసర్లు ఆడుతున్నంత కాలం రింకుకు ఇబ్బంది లేదు. కావలసినవి విద్యుత్తు, కప్పు, దానిని నడిపే సొమ్ము. బ్యాంకాక్, మనీలా, కౌలాలంపూర్, అబుదాబి వంటి నగరాలు ఈ మూడింటినీ సమకూర్చుకున్నాయి. అక్కడ షాపింగ్ మాల్‌లోని రింకులో పిల్లలు ఏడాది పొడవునా సాధన చేయవచ్చు. లేహ్‌లో సహజమైన మంచు నిలిచేది డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు, సుమారు రెండు నెలలు. థాయిలాండ్ బాలిక పన్నెండు నెలలు స్కేట్లు కట్టుకుంటే లద్దాఖ్ బాలికకు దక్కేది అందులో ఆరో వంతు. పదేళ్ల సాధనలో ఈ తేడా ఎంతవుతుందో వేరుగా లెక్కకట్టనక్కర్లేదు.

సహజ మంచుకు మరో లోపమూ ఉంది. రాత్రి వేళ మైదానంలోకి నీళ్లు పెట్టి తెల్లవారేసరికి గడ్డకట్టించే పద్ధతిలో ఉపరితలం ఎగుడుదిగుడుగా వస్తుంది. ఎండ ఎక్కితే మెత్తబడుతుంది. ఐస్ హాకీలో బంతి ఉండదు. గట్టి రబ్బరుతో చేసిన బిళ్ల ఉంటుంది. దాన్ని పక్ అంటారు. ఏడున్నర సెంటీమీటర్ల వ్యాసం, రెండున్నర సెంటీమీటర్ల మందం, బరువు 160 గ్రాముల అటూ ఇటూ. నున్నటి రింకులో అది గీత గీసినట్లు వెళ్తుంది. చుట్టూ ఉన్న గట్టి పలకలకు తగిలి తిరిగి వచ్చే కోణాన్ని కూడా ఆటగాళ్లు పాస్‌గా వాడుకుంటారు. చెరువు ఆటలో ఆ పలకలు ఉండవు, ఉన్నవి తాత్కాలిక హద్దులు మాత్రమే. కాబట్టి అక్కడ పెరిగిన క్రీడాకారిణి విదేశీ రింకులో అడుగుపెట్టినప్పుడు తాను నేర్చిన ఆటనే కొంత మళ్లీ నేర్చుకోవలసి వస్తుంది.

ఒక మేలు కూడా ఉంది. లేహ్ సముద్ర మట్టానికి దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడి పలుచని గాలిలో పెరిగిన ఊపిరితిత్తులకు దమ్ము ఎక్కువ. ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలుగా సాగే ఆట ఇది. ఒక్కో బృందం ఒక నిమిషం లోపే శక్తినంతా వెచ్చించి బెంచీ మీదికి వెళ్తుంది, మరో బృందం దిగుతుంది. గోల్‌కీపర్‌తో కలిపి మంచు మీద ఉండేది ఆరుగురే అయినా జట్టులో ఇరవైమందికి పైగా కావలసింది ఇందుకే.

తైపీ నుంచి అల్ ఐన్ వరకు

ఈ కాంస్యానికి తొమ్మిదేళ్ల వెనుకటి చరిత్ర ఉంది. 2016లో తైపీలో జరిగిన ఆసియా చాలెంజ్ కప్‌తో భారత మహిళల జట్టు అంతర్జాతీయ రంగంలోకి వచ్చింది. ప్రయాణపు ఖర్చులకు ప్రజల నుంచి విరాళాలు కోరవలసి వచ్చింది. అక్కడ ఒక్క విజయమూ దక్కలేదు. మరుసటి ఏడాది బ్యాంకాక్‌లో ఫిలిప్పీన్స్‌పై 4-3 తేడాతో గెలిచినప్పుడు అది ఈ జట్టు సాధించిన మొట్టమొదటి అంతర్జాతీయ విజయం. ఆ మ్యాచ్ ముగిశాక జాతీయ గీతం వినిపిస్తుండగా క్రీడాకారిణులు కన్నీరు పెట్టుకున్న దృశ్యం దేశమంతటా చేరింది. ఐస్ హాకీలో భారత మహిళల జట్టు ఒకటి ఉందని చాలామందికి తెలిసింది కూడా అప్పుడే.

ఆ తొలినాటి జట్టు గోల్‌కీపర్ నూర్ జహాన్ లేహ్‌కు చెందినవారు. ఆమె వృత్తి వేరు: పాత బౌద్ధ చిత్రపటాలను, కుడ్యచిత్రాలను పునరుద్ధరించే కళాసంరక్షకురాలు. 2015లో మరికొందరితో కలిసి లద్దాఖ్ మహిళల ఐస్ హాకీ ఫౌండేషన్‌ను స్థాపించినవారిలో ఆమె ఒకరు. అప్పటికి ఆ ప్రాంతంలో ఆట ప్రధానంగా పురుషులది, సైన్యానిది. అమ్మాయిలకు మంచు దొరకాలంటే పురుషుల సాధన ముగిసే వరకు ఆగవలసి వచ్చేది. స్కేట్లు అన్నలవి, తమ్ముళ్లవి, కొన్నిసార్లు విదేశీ యాత్రికులు వదిలి వెళ్లినవి. ఈ వివరాలు కరుణ కోసం చెప్పేవి కావు. కొలత సరిపడని స్కేటుతో మలుపు తిరగడం కుదరదు. మలుపు కుదరనివారు రక్షణలో ఒక అడుగు వెనుకే ఉంటారు. పరికరం నేరుగా స్కోరు బోర్డు మీద కనిపించే ఆట ఇది.

పతకం బరువెంత

మెచ్చుకోలులో అతిశయోక్తి చేయకపోవడమే ఈ జట్టుకు నిజమైన గౌరవం. అల్ ఐన్‌లో జరిగింది ఆసియాలోని ఎదుగుతున్న జట్ల టోర్నీ. జపాన్, చైనా, దక్షిణ కొరియా, కజకిస్థాన్ వంటి అగ్రశ్రేణి దేశాలు ఆడేది మరో మెట్టు మీద. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో మహిళల ఐస్ హాకీలో జపాన్ ఆరో స్థానంలో నిలిచింది. మన జట్టుకూ ఆ స్థాయికీ మధ్య దూరం ఇంకా చాలా ఉంది. తోటి జట్లతో పోల్చినప్పుడు మాత్రం, 2016లో అట్టడుగున మొదలైనవారు 2025లో వేదిక ఎక్కారు. పోల్చవలసింది అక్కడే.

దేశం మొత్తం శీతాకాల క్రీడల చరిత్రను పక్కన పెట్టి చూస్తే ఈ ఎదుగుదల విలువ ఇంకా స్పష్టపడుతుంది. 1964 ఇన్స్‌బ్రుక్‌లో పోలండ్‌లో పుట్టిన జెరెమీ బుజకోవ్‌స్కీ భారత్ తరఫున ఆల్పైన్ స్కీయింగ్‌లో పాల్గొన్నారు. ఆయనతోనే మన శీతాకాల ఒలింపిక్ ప్రస్థానం మొదలైంది. 1988 కాల్గరీలో శైలజా కుమార్ ఆ క్రీడలకు వెళ్లిన తొలి భారతీయ మహిళ అయ్యారు. 1964 నుంచి 2022 వరకు 11 శీతాకాల ఒలింపిక్స్‌లో మనవారు బరిలో దిగారు. పతకం ఒక్కటీ లేదు.

ఆ జాబితాలో ఎక్కువగా కనిపించే పేరు శివ కేశవన్‌ది. మనాలీ సమీపంలోని వశిష్ఠ్ గ్రామంలో పెరిగిన ఆయన 1998 నాగనోలో పదహారేళ్ల వయసులో ల్యూజ్‌లో పోటీపడ్డారు. వెల్లకిలా పడుకుని మంచు కాలువలో గంటకు 130 కిలోమీటర్లకు పైగా వేగంతో జారే ఆట అది. దేశంలో అటువంటి కాలువ లేనందున బండికి చక్రాలు బిగించి, లారీలు తిరిగే కొండ రోడ్ల మీద సాధన చేశారు. వరుసగా ఆరు ఒలింపిక్స్ ఆడి 2018తో విరమించారు. ఆయన అత్యుత్తమ స్థానం 2006 టురిన్‌లో దక్కిన 25. ఆసియా ల్యూజ్ చాంపియన్‌షిప్‌లో మాత్రం ఆయన ఒకటికి మించి స్వర్ణాలు గెలిచారు. 2014 సోచీ క్రీడల వేళ భారత ఒలింపిక్ సంఘంపై అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సస్పెన్షన్ అమలులో ఉండటంతో ఆయన జాతీయ పతాకం లేకుండానే బరిలో దిగవలసి వచ్చింది. క్రీడల మధ్యలో సస్పెన్షన్ తొలగింది, అప్పటికి ఆయన పోటీ ముగిసిపోయింది.

2022 బీజింగ్‌లో భారత్ తరఫున వెళ్లింది ఒకే ఒక్క క్రీడాకారుడు, కశ్మీర్‌కు చెందిన ఆరిఫ్ ఖాన్. జెయింట్ స్లాలమ్‌లో 89 మంది దిగగా, హిమపాతం వల్ల దాదాపు సగం మంది పరుగు పూర్తి చేయలేకపోయారు. ఆరిఫ్ పూర్తి చేసి 45వ స్థానంలో నిలిచారు. స్వర్ణం గెలిచిన స్విట్జర్లాండ్ ఆటగాడు మార్కో ఒడెర్మాట్ రెండు పరుగుల మొత్తం సమయం 2 నిమిషాల 9.35 సెకన్లు, ఆరిఫ్‌ది 2 నిమిషాల 47.24 సెకన్లు. దాదాపు 38 సెకన్ల తేడా. సెకనులో వందో వంతు లెక్కించే ఆటలో ఇది చాలా పెద్దది. అయితే ఆల్ప్స్ పర్వతాల్లో పుట్టి పెరిగినవారికీ, విరాళాలు అడిగి సాధనకు వెళ్లినవారికీ మధ్య తేడా కూడా అందులో కలిసి ఉంది.

2025 ఫిబ్రవరిలో హార్బిన్‌లో జరిగిన ఆసియా శీతాకాల క్రీడల్లోనూ పతకం రాలేదు. ఫిగర్ స్కేటింగ్‌లో తారా ప్రసాద్ ఎనిమిదో స్థానం సాధించడం అక్కడి మేలైన ఫలితాల్లో ఒకటి. అదే ఏడాది మార్చిలో టురిన్‌లో జరిగిన ప్రత్యేక ఒలింపిక్స్ శీతాకాల క్రీడల్లో మాత్రం భారత బృందం 33 పతకాలు తెచ్చింది: 8 స్వర్ణాలు, 18 రజతాలు, 7 కాంస్యాలు. ఇవి మేధోపరమైన వైకల్యం గలవారి పోటీలు. సమాన సామర్థ్యం ఉన్నవారిని చిన్న చిన్న వర్గాలుగా విభజించి పోటీ పెడతారు కనుక ఈ సంఖ్యను ఒలింపిక్ పట్టికతో పోల్చరాదు. కానీ ఆ 33 పతకాలను లెక్కలోకే తీసుకోకుండా "మంచు క్రీడల్లో భారత్‌కు ఏమీ లేదు" అనడమూ సరికాదు.

రైల్వే ఊరికి తెలిసిన సంగతి

ఈ కథలో రింకు సగమే. మిగతా సగం ఏమిటో బిలాస్‌పూర్ వంటి ఊరికి విడమరచి చెప్పనక్కర్లేదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పుణ్యాన పెరిగిన ఊరు ఇది. 1891లో నాగ్‌పూర్ నుంచి ఆసన్‌సోల్ వరకు మార్గం పూర్తయ్యాక జంక్షన్‌గా ప్రాముఖ్యం వచ్చింది. 1931లో రాయ్‌పూర్-విజయనగరం మార్గం తెరుచుకుని ఉత్తరాంధ్రకూ ఛత్తీస్‌గఢ్ మైదానానికీ మధ్య రాకపోకలు సులువయ్యాయి. రైలు కొలువు పట్టుకుని వచ్చిన తెలుగువారు ఇక్కడే ఇళ్లు కట్టుకున్నారు. 2003లో ఆగ్నేయ రైల్వే నుంచి విడిపోయి ఏర్పడిన ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం ఈ ఊరే.

రైల్వే ఊళ్లలో మైదానం, క్లబ్బు, క్రీడా కోటా అన్నవి క్వార్టర్లంత సహజమైన విషయాలు. 1928లో మొదలైన రైల్వే క్రీడా వ్యవస్థ చేసిన ప్రధానమైన పని ఒకటుంది: ఆటగాడికి నెల జీతం ఇచ్చింది. మహేంద్రసింగ్ ధోనీ ఖరగ్‌పూర్‌లో టికెట్లు తనిఖీ చేసిన రోజుల్లో అది కూడా, బిలాస్‌పూర్ లాగే, ఆగ్నేయ రైల్వే ఊరే. 2016 రియోలో కాంస్యం గెలిచిన రెజ్లర్ సాక్షి మలిక్, 2020 టోక్యో క్రీడల్లో రజతం గెలిచిన వెయిట్‌లిఫ్టర్ మీరాబాయి చాను, 2024 పారిస్‌లో రైఫిల్ షూటింగ్ కాంస్యం తెచ్చిన స్వప్నిల్ కుసాలే, ముగ్గురూ ఆ నాటికి రైల్వే ఉద్యోగులు. కుసాలే సెంట్రల్ రైల్వేలో టీటీఈగా చేరినవారు. వారి ప్రతిభ వారిది. ఆ ప్రతిభ పండే వరకు ఇల్లు గడిచేలా చూసినది ఉద్యోగం.

మంచు క్రీడల్లో ఆ పాత్రను చాలాకాలం సైన్యం ఒక్కటే కొంతవరకు పోషించింది. గుల్‌మార్గ్‌లోని హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్ సైనికులకు మంచు కొండల్లో యుద్ధ శిక్షణ ఇచ్చే సంస్థ. స్కీయర్లు అక్కడి నుంచే వచ్చారు. 2018 ప్యాంగ్‌చాంగ్‌లో క్రాస్ కంట్రీ స్కీయింగ్ ఆడి 103వ స్థానంలో నిలిచిన జగదీశ్ సింగ్ ఆ సంస్థకు చెందిన సైనికుడే. అయితే సైన్యం తలుపు అమ్మాయిలకు అంత సులువుగా తెరుచుకోలేదు. లద్దాఖ్ క్రీడాకారిణి చదువు ముగించి పెళ్లి, ఉద్యోగం మాటలు వచ్చే వయసులో ఆట మానుకోవడం అందువల్లే మామూలైంది.

ఈ పరిస్థితిని మార్చిన సంస్థల్లో ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు దళం ముఖ్యమైనది. ఐటీబీపీ మహిళల ఐస్ హాకీ జట్టును పెట్టి క్రీడాకారిణులను ఉద్యోగంలోకి తీసుకుంది. దేశవాళీ పోటీల్లో ఆ జట్టు ఇప్పుడు అగ్రస్థానానికి పోటీపడే జట్టు, జాతీయ జట్టులో ఆడినవారు పలువురు అందులో ఉన్నారు. పోటీ పెరిగింది, ఇరవైలు దాటినవారు ఆటలో నిలిచారు. అల్ ఐన్ కాంస్యానికి కారణాల్లో ఆట మెళకువల కంటే ముందు దీన్ని చెప్పుకోవాలి. రైల్వే మైదానాల్లో మూడు తరాలుగా జరిగిన పని అక్కడ ఆలస్యంగా, చిన్న ఎత్తున మొదలైంది.

చక్రాల నుంచి మంచుకు

మైదాన ప్రాంతాల పిల్లలకు ఈ ఆటల్లో చోటు లేదనుకోవడం కూడా పొరపాటే. స్కేటింగ్‌లో వారికి దగ్గరి దారి ఒకటుంది. రోలర్ స్కేట్ల మీద నేర్చిన సమతూకం, మలుపు, వేగం మంచు మీద చాలా వరకు పనికివస్తాయి. చక్రం పక్కకు జారదు, ఇనుప అంచు జారుతుంది, ఆ తేడా ఒంటికి పట్టడానికి కొంత కాలం కావాలి. దక్షిణాది, పశ్చిమ రాష్ట్రాల స్కేటర్లు జాతీయ పోటీల్లో రాణించడానికి నగరాల్లోని రోలర్ స్కేటింగ్ శిక్షణ ఒక కారణం. కర్ణాటక, మహారాష్ట్ర, తమిళనాడులతో పాటు తెలంగాణ కూడా ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో ఐస్ స్కేటింగ్ పతకాలు గెలుస్తోంది. ఆ రాష్ట్రపు పతక విజేతల్లో నయనశ్రీ తాళ్లూరి పేరు పదేపదే వినబడింది. పరుగు కొలిచే గడియారానికి పుట్టిన ఊరి ఉష్ణోగ్రతతో పని లేదు.

వారికి కొరవడినది రింకే. సిమ్లాలో 1920లో ఏర్పడిన రింకు సహజ శీతలంపైనే ఆధారపడింది, చలి తగ్గిన ఏడాది అక్కడ ఆట రోజులూ తగ్గుతాయి. 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం దెహ్రాదూన్‌లో కట్టిన హిమాద్రి రింకు ఒలింపిక్ కొలతలు గల మూతకప్పు రింకు. ఆ క్రీడలు ముగిశాక అది ఏళ్ల తరబడి మూతపడి ఉంది. మన శీతాకాల క్రీడల గురించి ఒకే ఒక్క ఉదాహరణ ఇవ్వమంటే అదే ఇవ్వవలసి ఉంటుంది: కోట్లు ఖర్చు పెట్టి కట్టడం మనకు వచ్చు, నెలనెలా కరెంటు బిల్లు కట్టడం రాదు. అందులో మళ్లీ మంచు పరచింది 2025లో. ఆ ఆగస్టులో ఆసియా ఓపెన్ షార్ట్ ట్రాక్ స్పీడ్ స్కేటింగ్ పోటీలు అక్కడే జరిగాయి. లేహ్‌లోని నవాంగ్ దోర్జే స్తోబ్దాన్ స్టేడియంలోనూ కృత్రిమ మంచు వ్యవస్థ వచ్చింది, 2025 జనవరిలో ఖేలో ఇండియా ఐస్ హాకీ, స్కేటింగ్ పోటీలకు అది వేదికైంది.

లేహ్ రింకుకు పైకప్పు లేదు. అందువల్ల అక్కడ ఆట కాలం కొన్ని వారాలు పెరుగుతుందే తప్ప ఏడాది పొడవునా సాగదు. దెహ్రాదూన్ రింకు వేసవిలోనూ నడిస్తే, రోహిణి కార్తెలో ఆడవలసిన తదుపరి టోర్నీకి సాధన కోసం మహిళల జట్టు విదేశీ రింకును అద్దెకు తీసుకోవలసిన అవసరం తగ్గుతుంది. లేహ్ నుంచి దెహ్రాదూన్‌కు విమానంలో, రైలులో వచ్చే ఖర్చు, అక్కడి బస, రింకు అద్దె ఎవరు భరిస్తారన్నది మాత్రం సంఘాలూ ప్రభుత్వమూ కలిసి తేల్చవలసిన లెక్క.